వాడిన తూటాల మీద ఒక ఉత్తర్వు: అమెరికా రీలోడర్లు ప్రభుత్వాన్ని ఒప్పించిన తీరు

2009 మార్చిలో అమెరికా రక్షణశాఖ తీసుకున్న ఒక నిర్ణయం ఎక్కువ రోజులు నిలవలేదు. సైనిక శిక్షణ మైదానాల్లో కాల్చేసిన తూటాల ఖాళీ ఇత్తడి కేసులను ఇకపై ఉన్నవి ఉన్నట్టుగా అమ్మకూడదు, తిరిగి వాడటానికి వీల్లేకుండా నలగ్గొట్టి తుక్కు కింద మాత్రమే అమ్మాలి అన్నది ఆ నిర్ణయం. దానివల్ల దెబ్బతినేది పెద్ద ఆయుధ కర్మాగారాలు కావు. ఖాళీ కేసులు కొని మళ్లీ తూటాలు తయారుచేసే చిన్న వ్యాపారులు, ఇంట్లోనే సొంతానికి తూటాలు నింపుకునే రీలోడర్లు. వాళ్లు కదిలారు, నిర్ణయం రద్దయింది. తుపాకుల విషయంలో అమెరికా రెండుగా చీలిపోయి ఉన్న మాట నిజం. ఆ చీలిక మాటున ఈ చిన్న ఘటన చెప్పే సంగతి మరుగున పడకూడదు. పౌరుల ఒత్తిడికి బలం వాళ్ల సంఖ్య వల్లనే రాదు. ప్రభుత్వం చెప్పే కారణం ఆచరణలో ఎక్కడ విరిగిపోతుందో పని తెలిసినవాళ్లు వేలు పెట్టి చూపించినప్పుడు వస్తుంది. అలా వచ్చిన గెలుపు చట్టంలోకి ఎక్కితేనే నిలుస్తుంది. రీలోడర్ల చరిత్ర మొత్తం ఈ రెండు మాటలకూ సాక్ష్యం.

తూటాలో నాలుగు భాగాలుంటాయి: ఇత్తడి కేసు, దాని అడుగున నిప్పు పుట్టించే ప్రైమర్, లోపల మందు, మూతి దగ్గర బుల్లెట్. పేలిన తర్వాత ప్రైమర్, మందు, బుల్లెట్ పోతాయి, కేసు మిగులుతుంది. నాలుగింటిలో ఖరీదైనది అదే. కళాయి పోయిన ఇత్తడి గిన్నెకు మళ్లీ కళాయి వేయించుకున్నట్టే, ఆ కేసును కొలతకు తెచ్చి, కొత్త ప్రైమర్ బిగించి, మందు పోసి, బుల్లెట్ కూర్చి మళ్లీ మళ్లీ వాడుకోవచ్చు. పందొమ్మిదో శతాబ్దం చివర అమెరికా సైన్యమే తన శిబిరాలకు రీలోడింగ్ పనిముట్లు పంపి, సాధన తూటాలను సైనికులతో నింపించింది. రెండో ప్రపంచయుద్ధం ముగిశాక ఈ పని విస్తారమైన అలవాటుగా మారింది. దానికి దోహదం చేసింది ప్రభుత్వపు మిగులు సరుకే. కాన్సస్‌కు చెందిన బ్రూస్ హాడ్గ్‌డన్ సైన్యానికి అక్కర్లేని 4895 రకం మందును కొని రీలోడర్లకు చిల్లరగా అమ్మడంతో ఒక పెద్ద వ్యాపారానికి పునాది పడింది. 1949లో నెబ్రాస్కాలోని గ్రాండ్ ఐలండ్‌లో జాయిస్ హార్నడీ బుల్లెట్ల తయారీ మొదలుపెట్టాడు. సైన్యం వదిలేసిన దాన్ని పౌరుడు కొనుక్కుని వాడుకోవడం ఆ తరానికి పొదుపు, ప్రభుత్వ ఖజానాకు రాబడి. 2009 నాటి ఉత్తర్వు తెంచబోయింది ఆరు దశాబ్దాల నాటి ఈ బంధాన్నే.

రీలోడర్ల మీద కేంద్ర ప్రభుత్వ నియంత్రణ గట్టిగా పడింది 1968లో. మార్టిన్ లూథర్ కింగ్, రాబర్ట్ కెనెడీల హత్యలు జరిగిన ఆ ఏడాది అక్టోబరులో అధ్యక్షుడు లిండన్ జాన్సన్ తుపాకుల నియంత్రణ చట్టం మీద సంతకం చేశాడు. ఆ చట్టం నిర్వచనం ప్రకారం నిండు తూటా ఒక్కటే కాదు, కేసు, ప్రైమర్, బుల్లెట్, మందు విడివిడిగా కూడా తూటా సామగ్రే. తూటాలు అమ్మిన వ్యాపారి కొన్నవాడి వివరాలు రాసి ఉంచాలి. ఆ నిబంధన వెనుక ఉన్న ఆవేదన నిజమైనదే, దాన్ని తక్కువ చేయలేం. అయితే పదిహేడేళ్ల అనుభవం తర్వాత, ఆ రికార్డుల వల్ల నేర పరిశోధనకు చెప్పుకోదగ్గ ఉపయోగం లేదని ఆ చట్టాన్ని అమలుచేసే బ్యూరో అయిన ఏటీఎఫ్ అధిపతే అంగీకరించాడు. 1986 మే నెలలో అధ్యక్షుడు రేగన్ సంతకం చేసిన తుపాకి యజమానుల రక్షణ చట్టం ఆ రికార్డుల భారాన్ని చాలావరకు తొలగించింది. అప్పుడు తుపాకి సంఘాల పలుకుబడి పనిచేసిన మాట వాస్తవం. ఆ పలుకుబడికి వాదన అందించింది మాత్రం వ్యాపారుల గల్లాపెట్టెల పక్కన నిరుపయోగంగా పేరుకున్న పుస్తకాలు.

అదే తీరు 2007లో మళ్లీ కనిపించింది. కార్మికుల భద్రతను చూసే సంస్థ, ఓషా, ఆ ఏడాది ఏప్రిల్‌లో పేలుడు పదార్థాల నిబంధనలను తిరగరాస్తూ ఒక ముసాయిదా ప్రకటించింది. గనుల్లో వాడే పేలుడు పదార్థాలకూ, దుకాణంలో అమ్మే తూటాలకూ, ప్రైమర్లకూ, పొగరాని మందుకూ దాదాపు ఒకే కట్టడి వర్తించేలా అది ఉందని తయారీదారులు, రీలోడర్లు అభ్యంతరం చెప్పారు. పొగరాని మందు మూసిన గదిలో ఒత్తిడి పుట్టిస్తుందే గానీ, ఆరుబయట అంటిస్తే డైనమైట్‌లా విస్ఫోటనం చెందదు. బడి పిల్లలు చదివే రసాయనశాస్త్రమంత సూటి తేడా ఇది. ఆ ముసాయిదా వల్ల రవాణా, నిల్వ దాదాపు అసాధ్యమవుతాయని లేఖలు వెల్లువెత్తాయి, చట్టసభ సభ్యులు నిలదీశారు. జులై నాటికి కార్మికశాఖ వెనక్కి తగ్గి, నిబంధనను మార్చి రాస్తామని చెప్పింది. ఇక్కడా ఒప్పించింది వివరమే.

ఇక 2009 విషయం. ఒబామా ఎన్నిక తర్వాత కొత్త ఆంక్షలు వస్తాయన్న భయంతో జనం ఎగబడి కొనడంతో దేశమంతటా తూటాలకు కొరత ఏర్పడింది. సరిగ్గా ఆ సమయంలోనే, అట్లాంటాకు పడమరనున్న విల్లా రికా పట్టణంలోని జార్జియా ఆర్మ్స్ అనే సంస్థకు, ఇకపై నలగ్గొట్టిన కేసులే దొరుకుతాయన్న సమాచారం అందింది. సైన్యం వాడేసిన కేసులు కొని తూటాలు చేసి అమ్మడమే ఆ సంస్థ వ్యాపారంలో ముఖ్యభాగం. వార్త దేశమంతా పాకింది. కాంగ్రెస్ సభ్యుల కార్యాలయాలకు ఫోన్లు, లేఖలు మొదలయ్యాయి. మోంటానా సెనేటర్లు జాన్ టెస్టర్, మాక్స్ బాకస్ రక్షణశాఖకు చెందిన డిఫెన్స్ లాజిస్టిక్స్ ఏజెన్సీకి ఘాటుగా లేఖ రాశారు. ఇద్దరూ అధ్యక్షుడి సొంత పార్టీ అయిన డెమొక్రాటిక్ పార్టీ వాళ్లే కావడం గమనించాలి. మార్చి 17న ఏజెన్సీ తన నిర్ణయాన్ని ఉపసంహరించుకుంది. సమీక్షించి చూస్తే ఈ కేసులను అమ్మకానికి అనుమతించే వర్గంలోనే చేర్చవచ్చని తేలిందన్నది అది ఇచ్చిన వివరణ.

ఏజెన్సీ ఎందుకు అలా చేసిందో కూడా న్యాయంగా చూడాలి. 2006లో ప్రభుత్వ జవాబుదారీ కార్యాలయం మారువేషాల్లో పరిశోధకులను పంపి, సున్నితమైన సైనిక పరికరాలను మిగులు సరుకు పేరుతో ఎంత తేలిగ్గా కొనవచ్చో రుజువు చేసింది. ఎఫ్-14 యుద్ధవిమానాల విడిభాగాలు ఇరాన్ చేతికి చిక్కుతాయన్న ఆందోళనతో 2007లో వాటి అమ్మకాన్ని ఆపేశారు. అలాంటి వాతావరణంలో సైనిక సరుకుల జాబితాలో ఉన్న ప్రతిదాన్నీ అనుమానంగా చూడటం అధికారులకు సహజమే. లోపం ఎక్కడుందంటే, విమానం విడిభాగానికీ ఖాళీ ఇత్తడి కేసుకూ తేడా చూడకపోవడంలో. అదే కొలతకు చెందిన కొత్త కేసులు, నిండు తూటాలు బజారులో బహిరంగంగా దొరుకుతున్నప్పుడు పాత కేసులను నలగ్గొట్టి ఏ శత్రువు చేతికి దేన్ని చిక్కకుండా చేసినట్టు? పైగా వాడదగ్గ కేసుకు వచ్చే ధర తుక్కుకు రాదు. నష్టపోయేది ఖజానా. భద్రత పెరగదు, రాబడి తగ్గుతుంది. తన లక్ష్యం ప్రకారం తూచినా నిలవని నిర్ణయం అది.

ఈ వాదనకు మొదటి ఆక్షేపణ బలమైనదే: ఇదంతా పౌరుల విజయం కాదు, ధనబలం ఉన్న తుపాకి లాబీ విజయం అంటారు. నేషనల్ రైఫిల్ అసోసియేషన్ బలాన్ని కాదనేవారెవరూ లేరు. కానీ లాబీ బలమే అన్నిటినీ నిర్ణయిస్తే కాలిఫోర్నియా ఫలితాన్ని ఎలా వివరిస్తాం? 2016లో అక్కడి ఓటర్లు తుపాకి సంఘాల వ్యతిరేకతను లెక్కచేయకుండా 63వ ప్రతిపాదనను భారీ ఆధిక్యంతో ఆమోదించారు. దాని ఫలితంగా 2019 జులై నుంచి తూటాలు కొనేవారి నేపథ్య తనిఖీ తప్పనిసరైంది. విశాల ప్రజానీకం ఆలోచించి ఓటు వేసిన చోట లాబీ నిలవలేకపోయింది. కార్యాలయంలో, బహిరంగ చర్చ లేకుండా, పని తెలిసినవారిని అడగకుండా పుట్టిన ఉత్తర్వులే ఒత్తిడికి త్వరగా వంగుతాయి.

రెండో ఆక్షేపణ ఇంకా లోతైనది. తమకు నేరుగా నష్టం కలిగే కొద్దిమంది గట్టిగా సంఘటితమవుతారు, లాభం పలచగా పంచుకునే అధికసంఖ్యాకులు నిశ్శబ్దంగా ఉంటారు అని ఆర్థికవేత్త మాన్కర్ ఓల్సన్ 1965లోనే వివరించాడు. ఉదాహరణకు, ఆకుపచ్చ మొనగల ఎమ్855 తూటాకు కవచాన్ని చీల్చే తూటాల మీది నిషేధం నుంచి 1986లో దక్కిన మినహాయింపును తొలగించాలని 2015లో ఏటీఎఫ్ ప్రతిపాదించినప్పుడు 80 వేలకు పైగా అభిప్రాయాలు వచ్చాయి, అత్యధికం వ్యతిరేకమే. గడువు ముగియక ముందే, మార్చి 10న, ఆ ప్రతిపాదన ఆగిపోయింది. కవచాన్ని చీల్చే తూటా పిస్టల్‌లో పడితే పోలీసుల ప్రాణాలకు ముప్పన్నది అక్కడి ప్రశ్న. ఇత్తడి తుక్కు సమస్య కంటే అది ఎంతో బరువైనది. అక్కడ గెలిచినంత మాత్రాన ఆ ప్రశ్నకు జవాబు దొరికినట్టు కాదు. కాబట్టి ఒత్తిడి ఫలించడాన్ని ఒత్తిడి న్యాయమైనదనడానికి రుజువుగా తీసుకోరాదు. ప్రతి సందర్భంలోనూ అడగవలసిందొక్కటే: ఎదురు చెప్పినవారు కారణానికి కారణంతో జవాబిచ్చారా, సంఖ్యతో నోరు మూయించారా? 2009లో జవాబు కారణంతోనే వచ్చింది.

నిలకడ సంగతి మిగిలింది. ఏజెన్సీ తన మాట వెనక్కి తీసుకున్నదంటే, రేపు మళ్లీ మార్చుకోగలదనే అర్థం. అది గ్రహించే, ఆ తర్వాతి రక్షణ వ్యయ చట్టాల్లో కాంగ్రెస్ ఒక షరతు చేర్చింది: సురక్షితం కాదని, వాడకానికి పనికిరావని అధికారికంగా ధ్రువీకరిస్తే తప్ప, పౌరులకు అమ్మడం నిషిద్ధం కాని తూటాలనూ వాటి భాగాలనూ ధ్వంసం చేయడానికి నిధులు వాడకూడదు. వ్యయ చట్టం ఏటా కొత్తగా ఆమోదం పొందాలి, షరతు కూడా ఏటా తిరిగి రాయబడాలి. మన ఆంధ్రప్రదేశ్‌లోనూ గెలుపుకు ఇదే పరీక్ష ఎదురైంది: దూబగుంట మహిళలు రగిలించిన ఉద్యమం 1993లో సారా నిషేధాన్ని సాధించింది. దాని కొనసాగింపుగా 1995లో వచ్చిన సంపూర్ణ మద్యనిషేధం మాత్రం రెండేళ్లకే, 1997లో సడలిపోయింది. విషయాలు వేరైనా రెండు చరిత్రలూ చెప్పేది ఒకటే: ప్రభుత్వం దిగివచ్చిన రోజున ఉద్యమంలో సగం పనే పూర్తవుతుంది. సాధించిన మాటను చట్టంలో రాయించుకోవడం, రాసినది చెరిగిపోకుండా కాచుకోవడం మిగతా సగం. ఆ సగాన్ని కూడా మోయగలిగిన పౌరులున్న చోటే కార్యాలయాలు ఉత్తర్వు రాసే ముందు దాని బరువు ఎవరి మీద పడుతుందో అడిగి తెలుసుకుంటాయి.