వెన్నుచీలిక బాలల మూత్రాశయ సంరక్షణ: ఆసుపత్రి నుండి ఇంటికి – చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం
వెన్నుచీలికతో జన్మించిన బాలల మూత్రాశయ సంరక్షణ ఇరవయ్యవ శతాబ్ది ద్వితీయార్ధంలో వైద్యుల చేతినుండి కుటుంబాల చేతికి వచ్చిన క్రమాన్ని, అది సుల్తానాబాద్ వంటి మండల కేంద్రాలకు అన్వయించే తీరును ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలకపదాలు: వెన్నుచీలిక, మూత్రాశయం, కాథెటర్, ఫోలిక్ ఆమ్లం, సుల్తానాబాద్.

1. ఉపోద్ఘాతం
గర్భధారణ జరిగిన నాలుగు వారాలలోపే పిండంలో నాడీనాళం మూసుకొంటుంది. దాని దిగువభాగం మూసుకోనప్పుడు ఏర్పడే లోపమే వెన్నుచీలిక (స్పైనా బైఫిడా). ఇందులో కాళ్ల బలహీనత కంటికి కనిపిస్తుంది. మూత్రాశయ నాడుల లోపం కనిపించదు. మూత్రాశయ కండరమూ, దాని ద్వారాన్ని మూసే కండరమూ ఏకకాలంలో బిగుసుకొంటే లోపలి పీడనం పెరుగుతుంది. మూత్రం వెనుకకు మళ్లి మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. అందువల్ల బట్టలు తడవడంకంటె, పైకి తెలియకుండా పెరిగే ఈ పీడనమే ప్రమాదకరం.

2. మనుగడ తెచ్చిన ప్రశ్న
1950ల మధ్యలో జాన్ హోల్టర్ తన కుమారుని కోసం రూపొందించిన కవాటం, మెదడులో చేరే నీటిని మళ్లించి ఎందరో శిశువులను బ్రతికించింది. బ్రతికిన పిల్లలకు మూత్రపిండాల వైఫల్యం ముప్పుగా మారింది. 1950లో యూజీన్ బ్రికర్ వివరించిన శస్త్రచికిత్సను వారికీ చేశారు. చిన్నప్రేగు ముక్క ద్వారా మూత్రాన్ని పొట్టమీది సంచిలోకి మళ్లించడం ఈ పద్ధతి.

3. నిర్జీవీకరణ నుండి శుభ్రతకు
ఇంగ్లండులోని స్టోక్ మాండెవిల్‌లో లుడ్విగ్ గుట్‌మన్, వెన్నుపాము దెబ్బతిన్నవారికి విరామాలతో గొట్టం వేసి మూత్రం తీసే పద్ధతిని నెలకొల్పాడు. అయితే అది పూర్తి సూక్ష్మజీవరహిత స్థితిలో వైద్యసిబ్బంది చేయవలసిన పని. 1972లో మిచిగాన్ విశ్వవిద్యాలయ వైద్యుడు జాక్ లాపిడెస్, ఆయన సహచరులు ఈ నియమాన్నే ప్రశ్నించారు. మూత్రాశయం అతిగా నిండి సాగినపుడు దాని గోడకు రక్తప్రసారం తగ్గి, రోగనిరోధం క్షీణిస్తుందని లాపిడెస్ వాదం. కనుక సకాలంలో ఖాళీ చేయడమే ముఖ్యం. సబ్బుతో కడిగిన చేతులు, శుభ్రమైన గొట్టం చాలు. ఈ నిర్ణయంతో తల్లి చేతికి, పెరిగిన తర్వాత బిడ్డ చేతికి చికిత్స అందింది.

4. సుల్తానాబాద్ సందర్భం
పూర్వపు కరీంనగర్ జిల్లాకు చెందిన సుల్తానాబాద్, 2016 అక్టోబరు 11 నుండి పెద్దపల్లి జిల్లాలో ఉన్నది. పీడన పరీక్షలకు, శస్త్రచికిత్సకు నగరానికి పోవలసి రావచ్చు. మూడు నాలుగు గంటలకొకసారి గొట్టం వేయడం మాత్రం ఊళ్లోనే జరగాలి. అందులో ఒకటి రెండు సార్లు బడివేళలోనే వస్తాయి. కనుక నీళ్లూ, లోపలి గడియా ఉన్న మరుగుదొడ్డి ఇక్కడ వైద్యసాధనమే. 2013లో ఆరంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం గుర్తించవలసిన లోపాలలో నాడీనాళ లోపాన్ని చేర్చింది. 2016 వికలాంగుల హక్కుల చట్టం విద్యాలయ సౌకర్యాలు వారికి అందుబాటులో ఉండాలన్నది. ఈ రెండూ బడి మరుగుదొడ్డి దగ్గర కలిసినప్పుడే లాపిడెస్ పద్ధతి ఫలిస్తుంది.

5. నివారణ
భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు నేతృత్వాన లెడర్లె ప్రయోగశాల 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. అప్పటి లక్ష్యం రక్తహీనత. నాడీనాళ లోపంతో ఒక బిడ్డ కలిగిన తల్లులకు గర్భానికి ముందునుండే దీనిని ఇస్తే, లోపం పునరావృతం కావడం 72 శాతం తగ్గుతుందని 1991లో బ్రిటిష్ వైద్య పరిశోధనా మండలి అధ్యయనం నిరూపించింది. గర్భం నిర్ధారణ అయి పేరు నమోదయ్యేసరికి నాడీనాళం మూసుకొనే గడువు తరచుగా దాటిపోతుంది.

6. ముగింపు
ఈ చరిత్రలో నిర్ణాయకమైన మార్పు కొత్త యంత్రం వల్ల రాలేదు. పాత గొట్టాన్ని ఎవరు పట్టుకోవచ్చుననే ప్రశ్నకు సమాధానం మారడం వల్ల వచ్చింది. ఆ అధికారం ఇంటికి చేరింది. అది బడి గడప దాటడం ఇక మిగిలిన కర్తవ్యం.