మీటరు దాటిన తర్వాత

స్తంభం నుంచి మీటరు దాకా వచ్చే కరెంటుకు సరఫరా సంస్థ జవాబుదారీ. మీటరు దాటి లోపలికి వచ్చిన కరెంటుకు ఇంటివాళ్లూ, వైరు లాగిన పనివాడూ జవాబుదారీ. కరీంనగర్, ఆదిలాబాద్ ఊళ్లలో నా పనంతా మీటరుకు ఇవతలే సాగింది. అందుకే మా వైపు కరెంటు ఎప్పుడొచ్చిందన్న సంగతి కన్నా, వచ్చిన కరెంటును ఇళ్లలో ఎట్లా పెట్టుకున్నామన్న సంగతే నాకు ముఖ్యం.

కరెంటు వచ్చిన తీరు కూడా చెప్పుకోదగ్గదే. 1969లో కేంద్రం గ్రామీణ విద్యుదీకరణ సంస్థను పెట్టింది. ఊరివాళ్లే సంఘంగా ఏర్పడి కరెంటు పంచుకునే పద్ధతిని పరీక్షించడానికి దేశంలో ఐదు చోట్లను ఎంచుకున్నారు. కర్ణాటకలో హుక్కేరి, గుజరాత్‌లో కొడినార్, మహారాష్ట్రలో ముళా-ప్రవర, ఉత్తరప్రదేశ్‌లో లక్నో, మన దగ్గర సిరిసిల్ల. 1930లలో కంపెనీలు తీగ లాగని పల్లెలకు అమెరికా రైతులు తామే సంఘాలు కట్టి కరెంటు తెచ్చుకున్నారు. ఆ సంఘాల సమాఖ్య నుంచే ఇక్కడికి సలహాదారులు వచ్చారు. 1970లో మొదలైన సిరిసిల్ల సహకార విద్యుత్ సరఫరా సంఘం ‘సెస్’ ఇప్పటికీ నడుస్తోంది. బిల్లు కట్టేవాళ్లే అందులో సభ్యులు.

అట్లా కందిళ్ల ఇళ్లలో బుగ్గలు వెలిగాయి. ఆ బుగ్గ దాకా వైరు తెచ్చింది మా ఉస్తాద్ తరం. గోడకు రంధ్రం కొట్టి చెక్క గుల్ల దిగ్గొట్టేవాళ్లు. దాని మీద టేకు పట్టీ బిగించి, పట్టీ మీద రబ్బరు తొడుగు వైరు పరిచి, ఇత్తడి లింకు క్లిప్పులతో పట్టేవాళ్లు. స్విచ్చి కింద గుండ్రటి టేకు దిమ్మె. మీటరు పక్కన పింగాణీ కిట్‌క్యాట్ ఫ్యూజు. టేకు పట్టీ వంకర పోతే ఉస్తాద్ విప్పించి మళ్లీ కొట్టించేవాడు. అన్నీ గోడ మీదే కనపడేవి కాబట్టి ఎక్కడ తొడుగు పగిలిందో ఇంటి ఆడవాళ్లు కూడా చూసి చెప్పేవాళ్లు.

నాకు పుస్తకం కన్నా ముందు నియమం చెప్పింది ఆయనే. “స్విచ్చి ఫేజుకే పెట్టాలె బిడ్డా. న్యూట్రల్‌కు పెడితే బుగ్గ ఆరుతది గాని, కరెంటు హోల్డర్లనే కూసుంటది” అనేవాడు. న్యూట్రల్‌లో ఫ్యూజు గాని, విడిగా తెగే స్విచ్చి గాని ఉండొద్దని 1956 భారత విద్యుత్ నియమాల్లో ఉందని ఐటీఐలో చదివినప్పుడు ఆయన మాటకు బలం తెలిసింది. లైసెన్సు ఉన్న కాంట్రాక్టరే, అర్హత పత్రం ఉన్నవాడి పర్యవేక్షణలోనే పని చేయించాలన్నదీ ఆ నియమాలే. ఎర్తింగ్‌కు 1966లో ఐఎస్ 3043 ప్రమాణం వచ్చింది. అన్నిటినీ ఒక్కచోట చేర్చి 1985లో జాతీయ విద్యుత్ కోడ్ తెచ్చారు. ఈ పుస్తకాల్లో ఒక్కో వాక్యం వెనుక ఎవరో ఒకరి చావు ఉందని నేను నమ్ముతాను.

ఆ రోజుల్లో ఇంటికి రెండు వైర్లే సరిపోయాయి. బుగ్గకూ రేడియోకూ మూడోది అడగలేదు. ఇస్త్రీ పెట్టె, మిక్సీ, ఫ్రిజ్ వచ్చాక మూడు పిన్నుల ప్లగ్గు వచ్చింది. సాకెట్టుకు మూడో కన్నం వచ్చింది గాని, దాని వెనుక ఎర్త్ వైరు రాలేదు. కొందరు నల్లా పైపుకు తీగ చుట్టి అదే ఎర్త్ అన్నారు. ఇనుప పైపులు పోయి ప్లాస్టిక్ పైపులు వచ్చాక అదీ పోయింది. ఇంకొందరు సాకెట్టులోనే న్యూట్రల్‌ను ఎర్త్ పిన్నుకు కలిపారు. అన్నిటికన్నా ప్రమాదం ఇదే. బయట న్యూట్రల్ తెగిన రోజున ఫ్రిజ్ ఒళ్లంతా ఫేజు అవుతుంది.

రామగుండం, మంచిర్యాల ఎండలకు రేకు కూలరు లేని ఇల్లు అరుదు. రేకు, నీళ్లు, తడి నేల, ఉత్తకాళ్లు. పంపు వైరు తొడుగు పగిలితే కరెంటు రేకుకు ఎక్కుతుంది. ఎర్త్ ఉంటే అది భూమిలోకి దిగి ఫ్యూజును కొట్టేస్తుంది. లేకుంటే నీళ్లు పోసే మనిషి కోసం ఆగి ఉంటుంది. ఊళ్లలో దండేలదీ ఇదే కథ. సర్వీసు వైరును మోసే ఇనుప తీగ మీద తొడుగు ఒరుసుకుపోతే, ఆ తీగను తాకిన బట్టల దండెం కూడా షాక్ కొడుతుంది. తడి చీర ఆరేసే తల్లి, ఆమెను లాగబోయిన కొడుకు ఇద్దరూ పోయిన వార్తలు మనం ఎన్నోసార్లు చదివాం.

ఎర్త్ గుంత గొప్ప ఖర్చేమీ కాదు. గోడకు మీటరున్నర దూరంలో తవ్వాలి. రెండున్నర మీటర్ల జీఐ పైపు నిలబెట్టి, చుట్టూ బొగ్గు ఒక పొర, ఉప్పు ఒక పొర వేసుకుంటూ రావాలి. పైన జాలీ గరాటు పెట్టి సిమెంటు గూడు కట్టి మూత వేయాలి. ఎండాకాలంలో నీళ్లు పోయాలి. ఆదిలాబాద్ నల్లరేగడి తడిగా ఉంటే ఎర్త్ బాగా పడుతుంది, వేసవిలో నెర్రెలు బారితే పట్టు వదులుతుంది. కరీంనగర్ గుట్టల పక్కన రాయి తగిలితే రెండో గుంత తవ్వాల్సిందే. సిరిసిల్ల మరమగ్గాల (సాంచాల) షెడ్లలో మోటార్ల ఇనుప కాళ్లన్నిటినీ ఎర్త్‌కు కలిపాక, ఎర్త్ టెస్టర్‌తో కొలిచి చూడందే ఆసామికి పని అప్పజెప్పకూడదు.

ఎంసీబీ పెట్టాం కదా, చాలదా అని అడుగుతారు. 16 ఆంపియర్ల ఎంసీబీ కాపాడేది వైరును. మనిషి ఒంట్లోంచి 30 మిల్లీయాంపియర్లు పోయినా గుండె లయ తప్పే ప్రమాదం ఉంది, అది ఎంసీబీ లెక్కకు రాదు. ఆ చిన్న లీకును పట్టి తెంపేది ఆర్‌సీసీబీ. ఎర్త్ ఉన్నా అది ఉండాలి, అది ఉన్నా ఎర్త్ ఉండాలి.

ఇప్పుడు వైర్లన్నీ గోడ లోపలికి పోయాయి. తప్పు కంటికి కనపడదు. సీలింగు డిజైనుకు వేలు పోసేవాళ్లు ఎర్త్ గుంత దగ్గర బేరం ఆడటం చూస్తే నాకు బాధేస్తుంది. ఇల్లు కట్టుకునేవాళ్లకు నా మనవి ఒక్కటే. పనివాడిని పర్మిట్ అడగండి. ప్లాస్టరింగ్‌కు ముందే పైపులూ వైర్లూ ఫొటోలు తీసి పెట్టుకోండి. మెగ్గర్‌తో ఇన్సులేషన్, టెస్టర్‌తో ఎర్త్ మీ కళ్ల ముందు కొలిపించండి. ప్రతి మూడో కన్నం వెనుక ఆకుపచ్చ వైరు ఉందో లేదో విప్పించి చూడండి. ఆ తర్వాతే గృహప్రవేశానికి ముహూర్తం పెట్టుకోండి.