మందూ - గుండూ

దీపావళికి రెండు రోజుల ముందు మా ఇంట్లో జరిగిన సంగతి. మా అత్తగారికి తలనొప్పి వచ్చింది. మనవణ్ణి పిలిచి, చేతిలో డబ్బులు పెట్టి, "ఒరేయ్ బాబీ, వీధి చివర కొట్లో మందు బిళ్ళలు పట్రా నాయనా" అన్నారు. వాడు రివ్వున వెళ్ళి రివ్వున వచ్చాడు. చేతిలో చిన్న డబ్బా. మూత తీసి చూస్తే ఏమున్నాయి? తుపాకిలో పెట్టి పేల్చుకునే బిళ్ళలు! "మామ్మే తెమ్మంది" అని వాడి వాదన. ఆవిడ తల పట్టుకుని, "వీడి తెలివి తెల్లారినట్టే ఉందే అమ్మాయ్!" అన్నారు.

నవ్వుకోవడం అయ్యాక ఆలోచిస్తే, తప్పు పూర్తిగా వాడిది కాదనిపించింది. మామ్మ మింగేదీ మందే, మనవడు పేల్చేదీ మందే. ఒకటి నొప్పి తగ్గిస్తుంది, రెండోది నొప్పి పుట్టిస్తుంది. రెండింటికీ ఒకే పేరు ఎలా వచ్చిందబ్బా అని, వంట కాగానే నిఘంటువులు ముందేసుకుని కూర్చున్నాను. తుపాకి, గుండు, తూటా, గోలీ - ఒకదాని కొంగు పట్టుకుని ఒకటి వచ్చాయి. ఇదేదో బోడిగుండుకీ మోకాలికీ ముడివేస్తున్నట్టుందే అనుకోకండి. చివరిదాకా వింటే మీరే ఔనంటారు.

ముందు 'మందు' సంగతే చూద్దాం. అసలర్థం ఔషధమే. తమిళుల 'మరుందు', కన్నడిగుల 'మద్దు' దీని తోడబుట్టినవే. తమాషా ఏమిటంటే ఆ ఇద్దరూ కూడా అదే మాటను తుపాకి మందుకు వాడతారు. పోనీ ఇది మన దక్షిణాది వాళ్ళ అలవాటేమో అనుకుందామా అంటే, హిందుస్తానీలో 'దారూ' ఉంది. పారశీక భాషలో 'దారూ' అంటే ఔషధం. ఇటు వచ్చాక అది తుపాకిలో కూరే మందు అయింది, సీసాలో పోసే సారా కూడా అయింది. మన 'మందు'కు కూడా ఈ మూడర్థాలూ ఉన్నాయి గదా! మనకు నాలుగోది కూడా ఉంది. కొడుకు పెళ్ళాం మాట వింటున్నాడంటే "కోడలు మందు పెట్టింది" అంటారు. ఆ మందు ఏ కొట్లోనూ దొరకదు గాని, దాని పేలుడు మాత్రం ఊరంతా వినిపిస్తుంది.

ఇంతకీ ఈ ముడి మొదట పడింది చైనాలో. అక్కడి రసవాదులు చావులేని జీవితాన్నిచ్చే మందు కోసం తంటాలు పడుతూ, సుమారు 9వ శతాబ్దంలో సూరేకారాన్నీ గంధకాన్నీ బొగ్గునూ కలిపారు. భగ్గుమంది! అమృతం చెయ్యబోతే అగ్గి పుట్టింది. దానికి వాళ్ళు పెట్టిన పేరు 'హువో యావో'. అంటే 'నిప్పు మందు'. ఈనాటికీ చైనావాళ్ళు దాన్ని ఆ పేరుతోనే పిలుస్తారు. తరవాతి కాలంలో కుదిరిన పాళ్ళు నూటికి 75 వంతులు సూరేకారం, 15 బొగ్గు, 10 గంధకం. గంధకం మన వైద్యుల సంచీలోదే. బొగ్గు మన పొయ్యిలోదే. వస్తువులు ఇంటివి గనుక పేరు కూడా ఇంటిదే అయింది.

ఇక 'గుండు'. గుండ్రంగా, బరువుగా ఉన్నదల్లా మనకు గుండే. గుండుచెంబు లేని ఇల్లుండేదా పూర్వం? జాకెట్టుకు బొత్తాం ఊడితే ఆదుకునేది గుండుసూది. తలలో తురుముకునేవి గుండుమల్లెలు. నల్లపూసల మధ్య మెరిసేవి బంగారు గుండ్లు. తిరుపతి కొండమీద మొక్కు తీరితే మిగిలేది గుండు. పిల్లవాడికి లెక్కల్లో వచ్చేది గుండుసున్న! ఇన్ని మంచిపనులు చేసుకుంటున్న మాటను పట్టుకెళ్ళి ఫిరంగి నోట్లో పెట్టారు. మొదట్లో ఫిరంగి గుండ్లంటే నిజంగా గుండ్రాళ్ళే. రాతిని గుండ్రంగా చెక్కి, మందు కూరి, శత్రువు గోడ మీదికి విసిరేవారు. ఆ తరవాతే ఇనపగుండ్లు వచ్చాయి.

'గుళిక' వైద్యుడి మాట. సంస్కృతంలో చిన్న ఉండ, మాత్ర అని అర్థం. దాని చుట్టమే 'గోలీ'. హిందీలో గోలీ అంటే మందుబిళ్ళ, పిల్లలాడుకునే గోళీ, తుపాకి గుండు - మూడూను. మా పక్కింటావిడ కరీంనగర్ వైపు నుంచి వచ్చారు. ఆవిడ మొదటిసారి నన్ను పలకరిస్తూ "జ్వరమొచ్చిందంట గదా, గోలీ వేసుకున్నవా?" అంటే నేను అదిరిపడ్డాను. మా వైపు గోళీ అంటే వీధిలో పిల్లలాడేదే. లేకపోతే సోడాబుడ్డి మెడలో అడ్డంపడేది. హైరం కాడ్ అనే ఇంగ్లీషాయన 1872లో పేటెంటు తీసుకున్న ఆ గాజుగోళీ సీసానే మనం గోలీసోడా అని మనసారా తాగాం.

సీసపు గుండ్లు చేసే పద్ధతి తెలిస్తే మీరు ఇంకా ఆశ్చర్యపోతారు. పిట్టల్ని కొట్టే తుపాకిలో వేసే సన్నటి గుండ్లను పూర్వం ఒక్కొక్కటీ అచ్చులో పోసేవారు. బ్రిస్టల్ నగరంలో విలియం వాట్స్ అనే ఆయన 1782లో కొత్త దారి కనిపెట్టాడు. కరిగిన సీసాన్ని చిల్లుల జల్లెడలో పోసి, చాలా ఎత్తునుంచి కింద నీళ్ళతొట్టిలోకి జారవిడిచాడు. పడుతూ పడుతూ చుక్కలన్నీ వాటంతటవే గుండ్రంగా చుట్టుకుని నీళ్ళలో గట్టిపడ్డాయి. ఆ ఎత్తు కోసం తన ఇంటినే బురుజులా పెంచుకున్నాడు. చిల్లుల గరిటెలో పిండి పోసి నూనెలోకి బూందీ దూసే మనకు ఇందులో కొత్తేముంది? కాకపోతే మన బూందీ లడ్డూ అవుతుంది.

ఇంతవరకు చెప్పినవి దాదాపు ఇంట్లో పెరిగిన మాటలు. ఇప్పుడు పైనుంచి వచ్చిన కోడళ్ళ సంగతి.

'తుపాకి' తురుష్క దేశపు పిల్ల. తుర్కీ భాషలో 'తుఫెక్', పారశీకంలో 'తుఫంగ్'. తుపాకి మందు పుట్టక పూర్వం దీని అర్థం వట్టి ఊదుగొట్టం! మట్టి ఉండను గొట్టంలో పెట్టి 'తుఫ్' అని ఊది పిట్టల్ని కొట్టేవారు. ఆ ఊదిన చప్పుడే పేరయింది. ఊపిరి చేసే పనిని నిప్పు చేయడం మొదలెట్టాక కూడా పేరు మారలేదు. మన దగ్గరికొచ్చాక ఈ కోడలు ఎంత కలిసిపోయిందంటే, కర్ర తుపాకి భుజాన వేసుకుని వీధుల్లో కోతలు కోసే పిట్టలదొరకు 'తుపాకి రాముడు' అని పేరు పెట్టుకుని కడుపుబ్బ నవ్వుకున్నాం.

'ఫిరంగి' మొదట మనిషి పేరు. ఐరోపాలోని ఫ్రాంకు జాతివారిని అరబ్బులు 'ఇఫ్రంజ్' అన్నారు, పారశీకులు 'ఫరంగీ' అన్నారు. మనం ఫిరంగి అనీ, పరంగి అనీ అన్నాం. మద్రాసు దగ్గర సెయింట్ థామస్ కొండను తమిళులు పిలిచేది 'పరంగిమలై' అనే. ఆయుర్వేదం కొట్లో దొరికే పరంగి చెక్క కూడా ఈ పేరు మోస్తున్నదే. 1520లో శ్రీకృష్ణదేవరాయలు రాయచూరు కోటను ముట్టడించినప్పుడు, ఫిగెరెదో అనే పోర్చుగీసాయన తన తుపాకుల వాళ్ళతో వచ్చి, గోడమీద ఎవరు తల ఎత్తితే వారిని కొట్టాడని ఆ దేశస్థుడే అయిన నూనిజ్ రాసిపెట్టాడు. మనిషీ వాడి ఆయుధమూ ఎప్పుడూ కలిసే కనిపించేసరికి, మనిషి పేరు ఆయుధానికి అంటుకుంది. 1757 జనవరి 24న బొబ్బిలి కోట ముందు బుస్సీ దొర నిలబెట్టిన ఫిరంగులకు ఆ పేరు రెండు విధాలా సరిపోయింది. అవి పరంగివాడివి, అవే ఫిరంగులు. కోటలోని ఆడవాళ్ళూ పిల్లలూ ఏమయ్యారో చెప్పనక్కరలేదు. ఆ కథ వింటూ కంటతడి పెట్టని తెలుగు ఇల్లాలు ఉండదు.

మూడో కోడలు 'తూటా'. హిందుస్తానీ 'టోటా' మన నోట తూటా అయింది. దీని సవతి 'కార్తూసు' పోర్చుగీసు నుంచి వచ్చింది. దాని మూలంలో 'కార్తా' అనే మాట ఉంది. కార్తా అంటే కాగితం! ఆ రోజుల్లో కొలత ప్రకారం మందూ, ఒక గుండూ కాగితంలో పొట్లం కట్టేవారు. అదే కార్తూసు. శుభలేఖ కార్డూ, గోడకు తగిలించే చార్టూ, పత్రికలో మనం ముందుగా తిప్పి చూసే కార్టూనూ అన్నీ ఆ కాగితం కడుపున పుట్టినవే.

అయితే ఒక కాగితం పొట్లం ఒక దేశాన్ని అంటించింది. 1857లో సిపాయిలకిచ్చిన కొత్త ఎన్‌ఫీల్డు తుపాకి తూటాను పంటితో కొరికి చింపి, మందు గొట్టంలో పొయ్యాలి. ఆ కాగితానికి రాసిన కొవ్వు ఆవుదీ పందిదీ అని గుప్పుమంది. ఏప్రిల్ 24న మీరట్‌లో 90 మందికి తూటాలివ్వబోతే 85 మంది ముట్టమన్నారు. మే 9న వాళ్ళకు అందరిముందూ సంకెళ్ళు వేశారు. మర్నాడే తిరుగుబాటు. తూటా పేలకముందే, దాని చుట్టూ ఉన్న కాగితం పేలిందన్నమాట!

ఆ శతాబ్దం చివర్లో కలకత్తా పక్కనున్న డమ్‌డమ్ ఆయుధాగారంలో, ఒంట్లో దిగాక విచ్చుకుని గాయాన్ని పెద్దది చేసే గుండు తయారైంది. లోకమంతా దాన్ని 'డమ్‌డమ్ గుండు' అనే పిలిచింది. 1899లో హేగ్ నగరంలో దేశాలు కూడి, అలాంటి గుండ్లు యుద్ధంలో వాడకూడదని తీర్మానించుకున్నాయి. పాపం, ఊరు చేసుకున్న పాపమేమిటి? పేరు మాత్రం అంటుకుంది.

చివరగా ఇంగ్లీషు వాళ్ళ 'బుల్లెట్' చూడండి. ఫ్రెంచి 'బులెత్' నుంచి వచ్చింది, అంటే చిన్న ఉండ. ఫ్రెంచివారి వంటింట్లో ఖైమాతో చేసే ఉండకు ఇప్పటికీ అదే పేరు. ఓటు వేసే 'బ్యాలెట్' ఇటలీ మాట. దాని అర్థం కూడా చిన్న బంతే! వెనీసు నగరంలో ఓటు అంటే చిన్న బంతిని పెట్టెలో వెయ్యడం. అంటే ఒకే ఆకారపు చిన్న ఉండ. దాన్ని తుపాకిలో వేస్తే ఒకరి నోరు మూస్తుంది, పెట్టెలో వేస్తే మన నోరు విప్పుతుంది.

ఇదంతా చూశాక నాకు తోచింది ఒకటే. ఈ మాటల్లో చాలావాటికి చంపడం తరవాత అంటుకున్న పని. మందు నయం చేసేది, గుళిక మింగేది, గుండు చెంబుకో మల్లెకో అందాన్నిచ్చేది, తుపాకి ఊపిరితో ఊదేది, కార్తూసు కాగితం. చంపే పనికి మనిషి ఇంట్లో మాటల్ని అరువు తెచ్చుకున్నాడు. అరువిచ్చినవాళ్ళం మనం. మాటల అసలు అర్థాన్ని మరిచిపోకుండా ఉంటే చాలు.

ఆ సాయంత్రం బాబీ మళ్ళీ కొట్టుకెళ్ళి ఈసారి సరైన బిళ్ళలే తెచ్చాడు. మా అత్తగారు ఒకటి వేసుకుని పడుకున్నారు. అంతలో వాడు వాకిట్లో తుపాకి తీశాడు. పక్కింటావిడ పిట్టగోడ మీంచి కేకేశారు: "ఆగురా, మామ్మ గోలీ వేసుకుని పండుకున్నది!"

వాడు తుపాకి దించేశాడు. మందు మీద మందు గెలిచింది.