హుకుంకి లొంగని హుక్కా

మొఘల్ దర్బార్‌కి తంబాకు రుచి చూపించింది మన దక్కనే. బీజాపూర్‌కి రాయబారిగా వెళ్లిన అసద్ బేగ్ 1604-05 ప్రాంతంలో తిరిగొచ్చి, రత్నాలు పొదిగిన గొట్టంతో సహా తంబాకుని అక్బర్ బాద్షా ముందు పెట్టాడు. బాద్షా రెండు మూడు దమ్ములు లాగాడు. హకీం వద్దని అడ్డుపడ్డాడు. బాద్షాకి అది ఆదత్ కాలేదు గానీ అమీర్లు మాత్రం వదల్లేదు.

1617లో జహంగీర్ తంబాకుని నిషేధించాడు. అటు ఇరాన్‌లో షా అబ్బాస్ కూడా అదే హుకుం ఇచ్చాడు. కానీ జహంగీర్ ఇరాన్‌కి పంపిన రాయబారి ఖాన్ ఆలమే పొగ లేకుండా ఉండలేకపోయాడు. చివరికి షా అబ్బాసే అతనికి మినహాయింపు ఇచ్చాడు. 1633లో ఉస్మానీ సుల్తాన్ నాలుగో మురాద్ పొగ తాగితే మౌత్ కీ సజా అన్నాడు. అయినా పొగ ఆగలేదు. హుకుం చేతిలోని హుక్కాని లాక్కోగలదు. "నా మజా లాక్కున్నారు" అనే ఖయాల్‌ని ఎలా లాక్కుంటుంది?

మరి ఇరాన్‌లోనే ఒకసారి ముల్క్ మొత్తం పొగ మానేసింది. 1890లో నాసిరుద్దీన్ షా దేశంలోని తంబాకు కారోబార్ అంతా టాల్బాట్ అనే అంగ్రేజుకి 50 ఏళ్లకు రాసిచ్చాడు. ప్రతిఫలం ఏడాదికి 15,000 పౌండ్లు, లాభంలో పావు వంతు. 1891 డిసెంబర్‌లో మీర్జా హసన్ షిరాజీ పేరుతో ఫత్వా వచ్చింది: తంబాకు వాడటమంటే ఇమామే జమానాతో జంగ్ చేయడమే! దుకాణాలు మూతపడ్డాయి. షా మహల్లోని బేగమ్‌లు సైతం హుక్కా ముట్టలేదు. 1892 జనవరిలో షా ఒప్పందం రద్దు చేసుకోక తప్పలేదు.

సిపాయిల తల్వార్ చేయలేనిది ఒక కాగితం ఎలా చేసింది? తంబాకు మారలేదు, దాని మానీ మారింది. నిన్నటి మజా ఇవాళ గులామీగా కనిపించింది. అయితే ఫత్వా ఎత్తేయగానే జనం మళ్లీ వెలిగించారు. ఎందుకంటే వాళ్ల దృష్టిలో మారింది కంపెనీ, నికోటిన్ కాదు.

ఆ మిగిలిన పని మీద మాట్లాడినవాడు లండన్ అకౌంటెంట్ అలెన్ కార్. రోజుకి 100 సిగరెట్ల దాకా తాగి 1983లో మానేశాడు, 1985లో కితాబ్ రాశాడు. ఆయన దలీల్ సీదా: సిగరెట్ సుకూన్ ఇవ్వదు. నికోటిన్ రక్తంలో రెండు గంటల్లోనే సగానికి పడిపోతుంది, బేచైనీ మొదలవుతుంది. తర్వాతి సిగరెట్ ఆ బేచైనీని కాసేపు ఆపుతుంది, అంతే. జేబు కొట్టిన దొంగ చిల్లర తిరిగిస్తే సలాం కొట్టినట్టు!

రంజాన్‌లో చూడండి. రోజుకి డబ్బా కాల్చే మన భాయ్ సెహ్రీ నుంచి ఇఫ్తార్ దాకా పదమూడు గంటలు ఉండగలడు. మగ్రిబ్ అజాన్ వినబడగానే చెయ్యి జేబులోకి పోతుంది. పగలంతా దిమాగ్ ఆ దర్వాజా మూసేసింది, సాయంత్రం తెరిచింది.

మొదటి రోజుల్లో చిరాకు, నిద్రలేమి నిజమే. డాక్టర్ సలహా, నికోటిన్ గమ్ తీసుకోవడంలో షరమ్ ఏమీ లేదు. కానీ "నేనేదో కుర్బానీ చేస్తున్నా" అనుకున్నన్నాళ్లూ మనం జహంగీర్ రయ్యత్‌లమే. పోయేది మజా కాదు, గులామీ అని తెలిసిన రోజున హుకుం అక్కర్లేదు.