కిటికీలోంచి విసిరేసిన నవల

రిలీజైన సాఫ్ట్‌వేర్ని చూసి దాని మొదటి వెర్షన్ ఎలా ఉండేదో చెప్పడం కష్టం. నవలలూ అంతే. చిత్తుప్రతులు అటకెక్కేస్తాయి, మనకి దొరికేది అచ్చయిన పుస్తకమే. హార్పర్ లీ రాసిన ‘టు కిల్ ఎ మాకింగ్‌బర్డ్’ విషయంలో మాత్రం ఆ చిత్తుప్రతి కూడా 2015లో అచ్చయింది, పెద్ద గొడవే జరిగింది. గొడవ సంగతి తర్వాత చెప్తాను, ముందు కథలోకి వెళ్దాం.

లీది అమెరికాలోని అలబామా రాష్ట్రంలో మన్రోవిల్ అనే చిన్న ఊరు. తండ్రి లాయరు. రచయిత్రి కావాలని 1949లో న్యూయార్క్ చేరి, విమాన కంపెనీల్లో రిజర్వేషన్ క్లర్కుగా పనిచేసేది. 1956 క్రిస్మస్‌కి బ్రౌన్ దంపతులనే స్నేహితులు ఆవిడకి ఏడాది జీతమంత డబ్బు బహుమతిగా ఇచ్చారు, ఉద్యోగం మానేసి రాయాలనుకున్నది రాసుకోమని. ఇలాంటి ఫ్రెండ్స్ ఎక్కడ దొరుకుతారో మరి :)

1957లో ‘గో సెట్ ఎ వాచ్‌మన్’ అనే నవల లిప్పిన్‌కాట్ అనే ప్రచురణ సంస్థకి చేరింది. అందులో 26 ఏళ్ళ జీన్ లూయిస్ న్యూయార్క్ నుంచి సొంతూరొస్తుంది. దేవుడనుకున్న తండ్రి ఆటికస్, నల్లవాళ్ళకి సమాన హక్కులు వద్దనే తెల్లవాళ్ళ సంఘం మీటింగులో కూర్చుని ఉండటం కళ్ళారా చూస్తుంది. స్కూళ్ళలో తెల్ల, నల్ల పిల్లల్ని వేరుగా ఉంచడం చెల్లదని 1954లో సుప్రీంకోర్టు తీర్పిచ్చాక దక్షిణాది రాష్ట్రాల్లో ఇలాంటి సంఘాలు చాలా వెలిశాయి. అంటే లీ రాసింది అప్పటికి వేడివేడిగా నడుస్తున్న సంగతి.

ఎడిటర్ టే హోహాఫ్‌కి ఆ రాతలో ప్రతిభ కనబడింది. కానీ నవలలా లేదు, విడివిడి సంఘటనలు గుదిగుచ్చినట్టుంది అనిపించింది. అందులో అక్కడక్కడా వచ్చే చిన్ననాటి జ్ఞాపకాలు ఆవిడకి బాగా నచ్చాయి. ఆ చిన్నపిల్ల చూపుతోనే నవల రాయమని ఒప్పించింది. కొత్త రచయిత్రిని కాబట్టి చెప్పినట్టు చేశానని లీయే 2015లో చెప్పింది.

మనం ఎడిటింగ్ అంటే అచ్చుతప్పులు దిద్దడం, పేరాలు కుదించడం అనుకుంటాం. ఇక్కడ జరిగింది పూర్తి రీరైట్. కథ ఇరవయ్యేళ్ళు వెనక్కి, 1930లకి వెళ్ళింది. బయటినుంచి ఎవరో చెబుతున్నట్టున్న కథ ‘నేను’ అనే స్కౌట్ నోట్లోకి వచ్చింది. మొదటి ప్రతిలో కోర్టు కేసు కాసేపు గుర్తుచేసుకునే పాత విషయం, పైగా ముద్దాయి విడుదలైపోతాడు. రెండోదాంట్లో ఆ కేసే నవలకి వెన్నెముక, నిర్దోషి అయిన టామ్ రాబిన్సన్‌కి జ్యూరీ శిక్ష వేస్తుంది. ఊరిని వర్ణించే కొన్ని వాక్యాలు మాత్రం రెండింట్లోనూ ఉన్నదున్నట్టు కనిపిస్తాయి. పాత కోడ్‌లోంచి పనికొచ్చే ఫంక్షన్లు తీసి పెట్టుకున్నట్టు!

కోర్టుహాల్లో నల్లవాళ్ళు కూర్చునే బాల్కనీ చూడండి. చిత్తుప్రతిలో జీన్ లూయిస్ తండ్రి పతనాన్ని చూసేది అక్కణ్ణించే. అచ్చయిన నవలలో స్కౌట్ తండ్రి గొప్పతనాన్ని చూసేదీ అక్కణ్ణించే. అదే సీటు, చూసింది మాత్రం పూర్తిగా తలకిందులు.

ఇదంతా రెండేళ్ళకు పైగా సాగింది. ఓ చలికాలపు రాత్రి లీకి విసుగెత్తి కాగితాలన్నీ కిటికీలోంచి మంచులోకి విసిరేసి, ఏడుస్తూ హోహాఫ్‌కి ఫోన్ చేసిందట. తక్షణం కిందికెళ్ళి ఏరుకొచ్చుకోమని హోహాఫ్ గదమాయించిందట. 1960 జులైలో నవల వచ్చింది, 1961లో పులిట్జర్ బహుమతి, ఇప్పటిదాకా 4 కోట్లకు పైగా కాపీలు.

ఇక గొడవ. 2015లో ‘వాచ్‌మన్’ని కొత్త నవలగా అమ్మారు. ఉత్తర అమెరికాలో మొదటి వారంలోనే 11 లక్షల కాపీలు పోయాయి. ఆటికస్‌ని ఆరాధించినవాళ్ళు గుండెలు బాదుకున్నారు. మిషిగన్‌లో ఓ పుస్తకాల షాపువాళ్ళైతే కొన్నవాళ్ళకి డబ్బులు వెనక్కిస్తామన్నారు. అప్పటికి లీకి 89 ఏళ్ళు, ఆరోగ్యం బాలేదు. ఆవిడ నిజంగా ఒప్పుకుందా అన్న అనుమానాలూ వచ్చాయి. ఫిర్యాదు మీద అలబామా అధికారులు విచారించి, ఆవిడ మీద ఒత్తిడేమీ లేదని తేల్చారు.

నా మట్టుకు నాకు, హోహాఫ్ చేసింది గొప్ప పనే. కానీ ఊరికే రాలేదు, దానికో ఖరీదు ఉంది. అచ్చయిన నవలలో చెడ్డవాళ్ళు జ్యూరీలో, వీధిలో ఉంటారు. మనం ఆటికస్ పక్కన నిలబడి నిశ్చింతగా వాళ్ళని అసహ్యించుకోవచ్చు. చిత్తుప్రతిలో చెడు ఇంట్లోనే, మనం ప్రేమించే మనిషిలోనే ఉంది. ఊరికంతటికీ పెద్దమనిషి అయ్యుండి, కులం మాటెత్తగానే వేరే మనిషైపోయే పెద్దవాళ్ళని చూసిన మనకి ఆ ప్రశ్న కొత్తదేం కాదు. ఆ ప్రశ్నకి సరిపడా కథ కట్టడం 1957లో లీకి ఇంకా చేతకాలేదు, అందుకే అది పక్కకి పోయింది. కథ బాగుపడింది, ప్రశ్న 58 ఏళ్ళు మూలనపడి ఉంది.

అందుకే రెండూ చదవమంటాను. ముందు ‘మాకింగ్‌బర్డ్’, తర్వాత ‘వాచ్‌మన్’. రెండోదాన్ని కథ కొనసాగింపు అనుకోకుండా, మొదటిది ఏం వదిలేసుకుని అంత బాగా తయారైందో చూడ్డానికి.