చెన్నపట్టణపు నీటిత్రోవలు, ఆటస్థలములు: పాత ఛాయాచిత్రముల సాక్ష్యము

నేటి చెన్నైని, అనగా మన పెద్దల చెన్నపట్టణమును, సముద్రతీర నగరముగనే లోక మెరుగును. అది ఒకప్పుడు కాలువల నగరముగూడ నయి యుండెనను సంగతి క్రొత్త తరమువారు మరచినారు. పడమటినుండి తూర్పునకు పారు కూవము, అడయారు నదులును, వానిని ఉత్తర దక్షిణములుగా కలుపు బకింగ్‌హాం కాలువయు నగరజీవితమునకు ఆధారములై యుండెను. ఆ కాలపు ఛాయాచిత్రములను పరిశీలించినచో ఈ నీటిత్రోవలతో తెలుగువారికి గల సంబంధము కొంత కనబడును, కొంత మరుగుపడును. మరుగుపడిన భాగమే ఇచ్చట ముఖ్యముగా విచారింపదగినది.

బకింగ్‌హాం కాలువ ఒక్కసారిగా త్రవ్వబడినది కాదు. బాసిల్ కోక్రేన్ అను స్కాట్లండు వర్తకుడు 1801లో పని ప్రారంభింపగా 1806 నాటికి ఎన్నూరు వరకు మొదటి భాగము సిద్ధమయ్యెను. 1837లో అది ప్రభుత్వము వశమైనది. పిమ్మట ఉత్తరమున పులికాటు మీదుగా పెదగంజాము వరకును, దక్షిణమున మరక్కాణము వరకును పొడిగింపబడెను. నగరమధ్యమున కూవమునకును అడయారునకును నడుమనున్న సుమారు 8 కిలోమీటర్ల భాగము మహాక్షామ కాలమున, 1877-78 సంవత్సరములలో, కరవుపనిగా త్రవ్వబడినది. నాటి గవర్నరైన బకింగ్‌హాం ప్రభువు పేరే కాలువకంతటికిని నిలిచినది. మొత్తము పొడవు సుమారు 420 కిలోమీటర్లు. అందు 257 కిలోమీటర్లు ఆంధ్రదేశముననే కలవు.

పెదగంజాము చెంత ఈ కాలువ కృష్ణా డెల్టా కాలువలతో కలియును. కృష్ణ దాటిన పిదప ఏలూరు కాలువ గోదావరి కాలువలకు చేర్చును. కనుక కాకినాడలో బయలుదేరిన పడవ సముద్రమున ప్రవేశింపకయే చెన్నపట్టణము చేరగలిగెడిది. ధాన్యము, ఉప్పు, శ్రీహరికోట వంటచెరకు ఈ త్రోవనే వచ్చెడివి. గాలి అనుకూలించిన తెరచాప, అనుకూలింపకున్న గెడ, అదియు చాలనిచో గట్టుమీద త్రాడు పట్టి లాగు మనుష్యులు పడవకు గతి. లాకులయొద్ద నీరు సమమగువరకు పడవలు బారులుదీరి వేచియుండెడివి.

ఇక ఛాయాచిత్రముల మాట. తొలినాటి ఛాయాగ్రాహకులు తడి గాజుపలకలను వాడెడివారు. మందు పూసిన పలక ఆరకమునుపే చిత్రము తీసి కడుగవలెను. పలకపై వెలుతురు పనిచేయుటకు కొన్ని క్షణములు పట్టెడిది. ఆ లోపల కదలినది చెదరిపోవును, కదలనిది నిలుచును. అందుచే పారు నీరు పాలవలె తెల్లనై కనబడును, కట్టివేసిన పడవ స్పష్టముగా నుండును, గెడ వేయుచున్న మనుష్యుడు మసక నీడగా మిగులును. 1880 ప్రాంతమున పొడిపలకలు వాడుకలోనికి వచ్చిన పిదపనే వేగము చిత్రమునకు చిక్కినది. ఆటలకును ఇదే నియమము. పరుగెత్తు ఆటగాడు తొలినాటి పలకకు చిక్కడు. కావుననే జట్టువారు వరుసలుగా కూర్చుండి తీయించుకొన్న చిత్రములకు అంత ప్రాముఖ్యము వచ్చినది.

ఈ నగరమున ఆటకును నీటికిని చుట్టరికము కలదు. ఐరోపీయులు 1867లో స్థాపించిన మద్రాసు బోట్ క్లబ్బు అడయారు నదిపై తెడ్లపడవల పందెములను నడిపినది. చేపాకు క్రికెట్టు మైదానము ప్రక్కనుండియే కాలువ సాగుచున్నది. ఆ మైదానమున మద్రాసు క్రికెట్టు క్లబ్బు ఐరోపీయులదై యుండగా, భారతీయుల కొరకు 1888లో మద్రాసు యునైటెడ్ క్లబ్బును నెలకొల్పినవాడు తెలుగువాడైన బుచ్చిబాబు నాయుడు. చేపాకున ఆడవచ్చిన భారతీయులు చెట్టునీడన భోజనము చేయవలసివచ్చుటయే ఇందుకు ప్రేరణమని చెప్పుదురు. ఆయన 1908లో గతించెను. ఆయన కుమారుడు కోటా రామస్వామి 1922లో డేవిస్ కప్పు టెన్నిసు ఆడి, 1936లో 40 ఏండ్ల ప్రాయమున మాంచెస్టరునందు టెస్టు క్రికెట్టులో ప్రవేశించెను. 1934 ఫిబ్రవరిలో చేపాకున జరిగిన మొదటి టెస్టుపందెమున భారత జట్టునకు నాయకుడు నాగపురపు తెలుగు కుటుంబమునకు చెందిన సి.కె. నాయుడు.

ఈ రెండు తెగల చిత్రములను ప్రక్కప్రక్కన నుంచి చూచినచో భేదము తేటపడును. జట్టు చిత్రము క్రింద సాధారణముగా పేర్లు వరుసగా నుండును. కాలువ చిత్రము క్రింద స్థలము పేరు మాత్రమే యుండును. త్రాడు లాగినవాని పేరుండదు. మహాక్షామమున హూపరు అను సైనికాధికారి తీసిన చిత్రములలోను ఎముకల గూళ్లైన మనుష్యులు కనబడుదురే గాని వారెవరో తెలియదు. కాలువ త్రవ్వినవారిలో తెలుగువారెందరో, తమిళులెందరో చిత్రము చెప్పదు. ఆటగాని పేరును పత్రికలు కాపాడినవి. పడవవాని పేరును అతని ఇంటివారే కాపాడవలెను.

కాలువయు మునుపటివలె లేదు. రైలుమార్గము, పిదప రహదారులు సరకును పడవలనుండి మరలించినవి. 1953లో ఆంధ్రరాష్ట్ర మేర్పడగా కాలువ రెండు రాష్ట్రముల పాలయ్యెను. 1965-66, 1976 తుపానులు దానిని మిక్కిలి చెరచినవి. 1990 దశకమున నగరములోని కాలువ గర్భముననే పైరైలు స్తంభములు నాటబడినవి. అయినను 2004 సునామీలో ఈ కాలువయే అలల ఉధృతిని కొంత తనలో నిముడ్చుకొనెను. దాని పూర్వపు వెడల్పునకు నేడు ఛాయాచిత్రములే కంటికి కనబడు సాక్షులు.

కాలువగట్ల పేటలలో స్థిరపడిన తెలుగు కుటుంబముల పెట్టెలలో ఇట్టి చిత్రము లున్నచో, వెనుకవైపు తాతలు తెలుగున వ్రాసిన రెండు పంక్తులే వాని చరిత్ర. మనుమలకు తెలుగు చదువ రానిచో ఆ పంక్తులున్నను లేనట్లే. తెలుగు సంఘములును, తెలుగు చదువు నేర్పు పాఠశాలలును పిల్లలను పెద్దల చెంతకు పంపి, చిత్రములోనివారి పేరు, స్వగ్రామము, చేసిన పని, సుమారు సంవత్సరము అడిగి తెలిసికొని, సిరాతో గాక పెన్సిలుతో మెల్లగా వెనుక వ్రాయించుట యుక్తము. లాకు, గెడ, తెరచాప మొదలగు మాటలు సయితము ఆ పనిలో పిల్లల కలవడును. పెద్దలు జీవించియుండగనే ఇది జరుగవలెను. ఆ పిమ్మట చిత్రము మిగిలినను అందలి మనుష్యుడు మిగులడు.