హాలీ రూపాయి, కల్దారు రూపాయి

విదేశాలకు వెళ్లే పిల్లలు ఇక్కడి ఖాతాలో డబ్బు అక్కడికి ఎలా చేర్చుకోవాలా అని తల పట్టుకుంటుంటే, ఇదేదో ఈ కాలపు తంటా అనుకుంటాం. మన నల్లగొండ వాళ్లకు ఇది పాత లెక్కే.

నిజాం రాజ్యంలో చెల్లింది హాలీ సిక్కా. కోదాడ దాటి జగ్గయ్యపేటలో అడుగు పెడితే ఇంగ్లీషువాళ్ల కల్దారు రూపాయి. ఏడు హాలీలకు ఆరు కల్దార్లు. ఏడు వందలతో బయల్దేరితే చేతికొచ్చేది ఆరు వందలు. మార్చేవాడు వట్టం పట్టుకుంటే ఇంకా తక్కువ.

1948లో సంస్థానం ఇండియాలో కలిసినా హాలీ వెంటనే పోలేదు. 1950లో భారత రూపాయి వచ్చింది, 1959లో గానీ హాలీ పూర్తిగా రద్దు కాలేదు. మగవాళ్లు బజారులో మార్చుకోగలరు. మరి పోపుల డబ్బాలో, బియ్యం కుండలో ఆడవాళ్లు దాచుకున్నది? మార్చాలంటే ముందు బయటపెట్టాలి. బయటపెడితే ఇక అది ఇంటి డబ్బే. వెండి రూపాయైతే కనీసం వెండి విలువైనా ఉంటుంది. గడువు దాటిన నోటు ఉత్త కాగితమే.

ఇప్పుడు దేశం మారితే ఖాతా కూడా మారాలి. విదేశంలో స్థిరపడినవాళ్లు మామూలు సేవింగ్స్ ఖాతాను ఎన్ఆర్ఓ ఖాతాగా మార్పించుకోవాలి. పన్ను కాగితాలు చూపిస్తే అందులోంచి ఏడాదికి పది లక్షల డాలర్ల దాకా పంపుకోవచ్చు.

అమ్మాయిలూ, పసుపు కుంకుమ కింద పుట్టింటివాళ్లు ఇచ్చిన డబ్బును మీ పేరు మీదే ఉంచుకోండి. విమానం ఎక్కకముందే బ్యాంకుకు మీరే వెళ్లి, ఆ కాగితాలు చదివి, సంతకం మీరే పెట్టండి.